ఎదిగే కుక్కకి వదులు బెల్టు

పశువైద్యం చదివి కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతూ, "మీ సర్వీసులో బాగా కష్టమైన కేసు ఏదండీ?" అని అడుగుతారు. కడుపులో అడ్డం తిరిగిన దూడ సంగతో, గొంతువాపు పట్టిన ఊళ్ల సంగతో చెబుతానని వాళ్ల ఆశ. నేను కుక్క మెడలో బెల్టు సంగతి మొదలుపెడతాను. వాళ్లు మర్యాదగా నవ్వి కాఫీ త్వరగా తాగేస్తారు. అందుకే ఇలా రాసి పెడుతున్నాను. రాసినదైతే మధ్యలో లేచి వెళ్లేవాళ్లు నాకు కనిపించరు.

మన ఉద్యోగంలో రోగి మాట్లాడడు, వెంట వచ్చినవాడు ఆగడు, ఇద్దరి మధ్యా మనం తెలిసినట్టు మొహం పెట్టాలి. ఆ మొహం పెట్టడం నాకు చదువు కంటే ముందే వచ్చేసింది. మందు తప్పితే ఆసుపత్రిలోనే తెలిసిపోతుంది, సరిదిద్దుకోవచ్చు. సలహా అలా కాదు. అది వాళ్లతో ఇంటికి వెళ్లి, మనం లేనిచోట పనిచేస్తుంది. నా సలహా ఒకటి విజయవాడలో భవానీపురం వెళ్లి ఎలా పనిచేసిందో ఇప్పుడు చెబుతాను. నేను చెప్పకపోయినా అక్కడ చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు.

గేదెల డాక్టరు

మాది కంకిపాడు పక్కన పల్లె. మా ఇంట్లో మనుషుల కంటే గేదెలకి మర్యాద ఎక్కువ. తిరుపతిలో చదువు ముగించి, కాలవగట్ల వెంబడి సైకిలు తొక్కుకుంటూ కొన్నేళ్లు గేదెలకీ ఎడ్లకీ వైద్యం చేశాను. డెబ్బైల మధ్యలో నన్ను విజయవాడకి బదిలీ చేశారు. అక్కడి ఆసుపత్రికి గేదెలతో పాటు కుక్కలూ వచ్చేవి. కుక్కల గురించి నాకు పరీక్షలో రాసినంత తెలుసు. ఆ పరీక్ష రాసి అప్పటికే చాలా కాలమైంది.

కుక్కపిల్లంటే కాస్త చిన్న సైజు దూడ అనుకునేవాణ్ణి. చేరిన మొదటి వారంలోనే ఒకావిడ తెచ్చిన కుక్కపిల్లకి పలుపు వేసినట్టు మెడలో తాడు వేసి, బల్ల కాలికి కట్టేసి, "హే, హే" అంటూ వీపు నిమిరాను. ఆవిడ కాసేపు చూసి, "డాక్టరు గారూ, ఇది పాలివ్వదండీ" అంది. కాంపౌండరు అటు తిరిగి నవ్వాడు. సాయంత్రానికల్లా ఆసుపత్రిలో నాకు గేదెల డాక్టరు అని పేరు పడిపోయింది. నేనది మెచ్చుకోలు అనుకున్నాను.

ఆ రోజుల్లో విజయవాడ రోడ్లు ఎలా ఉండేవో మీకు తెలియదు. లారీలు, సిటీ బస్సులు, రిక్షాలు, జట్కాలు, లెక్కలేనన్ని సైకిళ్లు, వీటన్నిటి మధ్యా మనిషి. వీధికుక్క వీటిలోనే పుట్టి పెరుగుతుంది, దానికి లారీ సంగతి తెలుసు. అప్పుడప్పుడే రైల్వే ఉద్యోగులు, వ్యాపారస్తులు ముచ్చటపడి ఇళ్లల్లో కుక్కల్ని పెంచి, మెడలో బెల్టు పెట్టి, గొలుసు పట్టుకుని షికారుకి తీసుకెళ్లడం మొదలుపెట్టారు. గేటు లోపల పెరిగిన పిల్లకి లారీ అంటే ఏమీ తెలియదు. తెలుసుకోవాలని మాత్రం మహా సరదా.

ఖాళీ బెల్టు

మా పెద్ద డాక్టరు గారు తక్కువ మాట్లాడే మనిషి. ఆయన ఎదుట నేను ఎక్కువ మాట్లాడేవాణ్ణి, ఆ ఖాళీ ఎవరో ఒకరు పూడ్చాలని. ఏ జంతువు వచ్చినా ఆయన ముందు దాని తాడు చూసేవారు, తర్వాతే దాన్ని చూసేవారు. అదేదో చాదస్తం అనుకున్నాను.

ఒక ఉదయం రైల్వేలో గార్డు పనిచేసే ఆయన వచ్చాడు. కుక్క లేదు, చేతిలో గొలుసూ బెల్టూ ఉన్నాయి. ముందురోజు ఏలూరు రోడ్డు మీద బస్సు హారనుకి బెదిరి కుక్కపిల్ల తప్పించుకుందట, వెనకే లారీ వచ్చిందట. ఇంకో కుక్కపిల్ల ఎక్కడైనా దొరుకుతుందేమో కనుక్కోమని పిల్లలు ఏడ్చి పంపారు. చెబుతూ చెబుతూ ఆయనే ఏడ్చాడు. పెద్ద డాక్టరు గారు ఆ బెల్టు తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, నా చేతికిచ్చారు.

"చూశావా?" అన్నారు.

"చూశానండీ."

"ఏం తెలిసింది?"

నేను తోలు వంచి చూశాను, గోటితో గీకి చూశాను. "నాసిరకం తోలండీ" అన్నాను.

ఆయన "ఊఁ" అని లోపలికి వెళ్లిపోయారు. బెల్టు తెగలేదు. బకిలు ఊడలేదు. పెట్టిన కన్నంలో పెట్టినట్టే ఉంది. పెట్టింది పెట్టినట్టుండగా లోపల కుక్క ఎలా లేకుండా పోయిందని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే నాకు ఈ కథ రాసే పని ఉండేది కాదు. నేను ఆలోచించలేదు. ఆ రోజు నుంచి కుక్కతో వచ్చిన ప్రతివాడికీ మంచి మందపాటి తోలు బెల్టు కొనమని చెప్పడం మొదలుపెట్టాను.

దానికి తోడు నాదొక సిద్ధాంతం. మా అమ్మ నాకు ఏ చొక్కా కుట్టించినా రెండేళ్లకి సరిపడా కుట్టించేది. చేతులు మడిచి, నిక్కరుకి మొలతాడు బిగించి బడికి పంపేది. ఎవరైనా నవ్వితే "ఎదిగే పిల్లాడు" అనేది. మన వైపు ఏ ఇంట్లోనైనా అంతే కదా. కాబట్టి కుక్కపిల్లకి బెల్టు కొనేవాళ్లకి నేనూ అదే చెప్పేవాణ్ణి. "ఎదిగే పిల్లండీ, నాలుగు వేళ్లు వదులుగా కొనండి. మెడ పట్టేయకుండా ఉంటుంది, మళ్లీ మళ్లీ కొనే పని ఉండదు." అందరూ సంతోషంగా తలూపేవారు. వాళ్ల అమ్మలూ అలాగే కుట్టించి ఉంటారు.

మాస్టారి ఇల్లు

భవానీపురం నుంచి రాహేలమ్మ గారు అనే పెద్దావిడ ఒక కుక్కపిల్లని రిక్షాలో తెచ్చారు. అల్సేషన్ అని చెప్పి అమ్మారట. దాని తల్లి అల్సేషన్ని ఎప్పుడో దూరం నుంచి చూసి ఉంటుంది, అంతే. సూది వేసి, బెల్టు గురించి నా ఉపన్యాసం అప్పజెప్పి, చిరునామా అడిగితే తెలిసింది, ఆవిడ మా ఇమ్మానుయేలు మాస్టారి భార్య. మాస్టారు కంకిపాడులో నాకు ఎనిమిదో తరగతి లెక్కలు చెప్పి, తర్వాత విజయవాడ బడికి మారారు. బోర్డు దగ్గరికి పిలిచి, నేను లెక్క చేస్తుంటే వెనక నిలబడి ఏమీ అనకుండా చూసేవారు. ఆ చూపు కంటే రెండు దెబ్బలు నయం.

ఆ ఆదివారమే చూడడానికి వెళ్లాను. రిటైరైన ఏడాదికే ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పట్టు తప్పింది, మూతి కొంచెం పక్కకి లాగింది, మాట ముద్దగా వస్తోంది. లోపలి గదిలో పడక్కుర్చీ గోడ వైపు తిప్పుకుని కూర్చుని ఉన్నారు. నన్ను చూసి తలూపారు, పలకలేదు. అక్షరం సరిగ్గా పలకలేదని మా చెవులు మెలిపెట్టిన మనిషి ఆయన.

వాకిట్లోకి వచ్చాక రాహేలమ్మ గారు చెప్పారు. "రోజూ నడవమని పెద్దాసుపత్రి డాక్టరు గారు చెప్పి చెప్పి అలిసిపోయారండీ. గుమ్మం దాటరు. ఊరి నిండా ఈయన శిష్యులే కదా. ఎవరైనా ఎదురొచ్చి నమస్కారమండీ అంటే నేనేమనాలి, ఈ మాట విని జాలిపడతారు అంటారు. ఇట్టాగే కూర్చుంటే ఇంక లేవలేరని ఆ డాక్టరు గారు నాతో విడిగా చెప్పారండీ."

"మరి ఈ కుక్క?"

"అదేనండీ చిత్రం. నేను గొలుసు పట్టుకుని తీసుకెళ్తే గేటు దాకా వచ్చి కూలబడిద్ది. వెనక్కి తిరిగి ఆయన కోసం చూసిద్ది. ఆయన కర్ర పుచ్చుకుని లేస్తే గానీ కదలదు. తిట్టుకుంటానే లేస్తన్నారు. నిన్న కృష్ణ ఒడ్డు దాకా పోయొచ్చామండీ." ఇది చెప్పేటప్పుడు ఆవిడ మొహం చూడాలి.

దాని పేరు రాజు. విజయవాడ వీధిలో నిలబడి రాజూ అని పిలిస్తే నలుగురు మగాళ్లు వెనక్కి తిరుగుతారు. కృష్ణ ఒడ్డుకి వెళ్లాలంటే మాస్టారి వీధి వాళ్లు హైదరాబాదు రోడ్డు దాటాలి. రాత్రీ పగలూ లారీలే. వదులుగా వేలాడుతున్న ఆ కొత్త బెల్టుని నేనే మెచ్చుకుని, "బాగా కొన్నారమ్మా, ఏడాది దాకా చూసుకోనక్కర్లేదు" అని వచ్చేశాను.

బరువు గొలుసు

పది రోజులు తిరక్కుండానే ఆవిడ మళ్లీ వచ్చారు. రోడ్డు పక్కన నడుస్తుంటే ఎవరో సైకిలు బెల్లు కొట్టారట, రాజు అదిరిపడి వెనక్కి గుంజుకుందట, బెల్టు ఊడొచ్చేసింది. ఇద్దరు సైకిళ్ల వాళ్లు దాన్ని తప్పించబోయి కింద పడ్డారు. ఎలాగో దొరికింది.

"మాస్టారు ఏమన్నారండీ?" అన్నాను.

"ఏమంటారండీ, ఇంటికొచ్చి మళ్లీ కుర్చీ గోడవైపు తిప్పుకున్నారు. మా తమ్ముడు కంకిపాడులో పొలం దగ్గర కావలికి ఇమ్మని అడుగుతున్నాడండీ. అక్కడైతే లారీలుండవు. ఇంకొక్కసారి ఇట్టా జరిగితే పంపించేస్తాను. దాని ప్రాణం మా కోసం తీయలేను కదా."

కుక్క కంకిపాడు వెళితే మాస్టారు కుర్చీలోంచి లేవరు. అది ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. నేను బాగా ఆలోచించాను. అంటే, గేదెల డాక్టరు ఆలోచించినట్టు ఆలోచించాను. గేదె తెంపుకుంటే ఏం చేస్తాం? ఇంకా లావు పలుపు వేస్తాం. "గొలుసు తేలికగా ఉందమ్మా, పట్టు చాలదు. బరువుది కొనండి" అన్నాను. వన్‌టౌన్‌లో నేనే వెళ్లి ఏరి తెచ్చాను. దాంతో చిన్న పడవని కట్టేయొచ్చు. ఆ బరువుకి బెల్టు మరికాస్త కిందికి జారి, మెడ చుట్టూ దండలా వేలాడింది. చూడ్డానికి సన్మానం చేసినట్టుంది.

"ఆదివారం నేనే వస్తానమ్మా. రోడ్డు మీద కుక్కని ఎలా నడిపించాలో మీ ఇద్దరికీ చేసి చూపిస్తాను" అన్నాను. ఎవరూ అడగలేదు.

పాఠం

ప్రార్థన నుంచి రాహేలమ్మ గారు తిరిగొచ్చే వేళకి వెళ్లాను. తెల్ల ప్యాంటు వేసుకున్నాను, పాఠం చెప్పేవాడు శుభ్రంగా ఉండాలని. రాజు గేటు దగ్గర కూలబడి లోపలికి చూసింది. మాస్టారు కర్ర ఎడమ చేత్తో పట్టుకుని వచ్చారు. నలుగురం రోడ్డు దాకా నడిచాం. గొలుసు నా చేతిలో ఉంది.

రోడ్డు పక్కన ఆగి నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. కుక్కకి భయం ఎందుకు వేస్తుంది, యజమాని ధైర్యంగా ఉంటే అదెలా కుదురుకుంటుంది, ఇంకా ఏమేమో. రాహేలమ్మ గారు శ్రద్ధగా వింటున్నారు. మాస్టారు ఏమీ అనకుండా వెనక నిలబడి చూస్తున్నారు. అదే చూపు. నాకు ఎనిమిదో తరగతి బోర్డు గుర్తొచ్చి గొంతు ఇంకా పెంచాను.

ఒక లారీ వెళుతూ హారను కొట్టింది. రాజు ముందు కాళ్లు తన్నిపెట్టి, తల వంచి, వెనక్కి గుంజింది. నేను గొలుసు గట్టిగా నా వైపు లాగాను. గేదెని అలాగే లాగుతాం, దానికి కొమ్ములుంటాయి కాబట్టి పలుపు ఎక్కడికీ పోదు. కుక్కపిల్ల చెవులు వెనక్కి వాల్చుకుంది, బెల్టు తల మీదుగా సులువుగా వచ్చేసింది. లాగిన ఊపుకి నేను వెల్లకిలా పడ్డాను. నా గుండెల మీద గొలుసూ, గొలుసు చివర బకిలు పెట్టిన బెల్టూ ఉన్నాయి. పెట్టిన కన్నంలో పెట్టినట్టే ఉంది. రైల్వే గార్డు తెచ్చిన బెల్టు అప్పుడర్థమైంది నాకు, రోడ్డు పక్కన ఆకాశం చూస్తూ.

లేచి రాజు వెంట పడ్డాను. అది నేను చేసిన అసలు తెలివితక్కువ పని. కుక్కపిల్ల వెంట పరిగెత్తితే ఆట అనుకుంటుంది. అది ఆగి, వెనక్కి చూసి, నేను దగ్గరికి రాగానే రెండు గంతులేసింది. నేను "రాజూ! రాజూ!" అని అరిచాను. సోడా బండి దగ్గర ఒకాయన "ఏంటండీ?" అన్నాడు. నా చెప్పు తెగింది. రాజు రోడ్డు దాటి అవతలికి వెళ్లింది, నేనూ సగం రోడ్డు దాకా వెళ్లాను. ఇబ్రహీంపట్నం వైపు నుంచి ఇంకో లారీ వస్తోంది. రాజు మళ్లీ నా వైపు తిరిగింది. వెనక రాహేలమ్మ గారు "ప్రభువా!" అనడం వినిపించింది.

అప్పుడు ఒక గొంతు లేచింది.

"ఎక్కడోళ్లక్కడ ఆగండ్రా!"

మాట ముద్దగానే ఉంది. కానీ గొంతు ఆయనదే. తరగతి గది చివరి బెంచీ దాకా వినిపించే గొంతు. నేను నడిరోడ్డు మీద చేతులు కట్టుకుని నిలబడిపోయాను. సైకిళ్ల మీద వెళ్లేవాళ్లు దిగి నిలబడ్డారు. రిక్షావాడు ఆగాడు. బ్యాంకులో ఆఫీసరుగా చేసే పెద్దమనిషి ఒకాయన స్కూటరు ఆపి తల వంచుకున్నాడు. వీళ్లల్లో సగం మంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్లేనని తర్వాత తెలిసింది. మిగతా సగం మంది ఎవరి దగ్గరో ఒకరి దగ్గర చదువుకుని ఉంటారు. లారీ డ్రైవరు ఏ ఊరివాడో, రోడ్డంతా ఆగిపోవడం చూసి ఏదో జరిగిందనుకుని బ్రేకు వేశాడు.

అరిచాక మాస్టారి కాళ్లు తేలిపోయాయి. కర్ర జారింది. రోడ్డు పక్కన కంకర మీద అలాగే కూలబడ్డారు. రాజు ఆయన్ని చూసింది. తన మనిషి నేల మీద కూర్చున్నాడంటే కుక్కపిల్లకి అంతకంటే పిలుపు అక్కర్లేదు. ఆగిన రోడ్డు మీంచి, నన్ను దాటుకుని, తోక ఊపుకుంటూ వెళ్లి ఆయన ఒళ్లో పడింది. ఆయన ఎడమచేత్తో దాన్ని పొదువుకున్నారు. కుడిచెయ్యి కూడా దాని మీద వేయాలని చూశారు.

నేను ఒంటి చెప్పుతో కుంటుకుంటూ వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. గొలుసు ఇంకా నా చేతిలోనే ఉంది. చుట్టూ జనం మూగారు. మాస్టారు బెల్టు తీసుకుని దాని మెడకి పెట్టి చూశారు. నాలుగు వేళ్లు దూర్చారు. మొత్తం చెయ్యి దూరింది.

"ఏరా, ఇంత వదులు ఎందుకు పెట్టమన్నావు?"

"ఎదిగే పిల్ల కదండీ అని..."

"ఎదిగేదాకా అది బతకొద్దట్రా?"

అందరూ విన్నారు, అందరికీ అర్థమైంది. ఆ ముద్ద మాటలోంచి ఒక్క అక్షరం పోలేదు. ఎవరూ జాలిపడలేదు, నా మీద తప్ప. స్కూటరు దిగిన ఆఫీసరు గారు ముందుకొచ్చి "నమస్కారమండీ మాస్టారూ" అన్నాడు. మాస్టారు ఆయన్ని పరకాయించి చూసి, "నువ్వు రెండో బెంచీ" అన్నారు. ఆయన వంగి మాస్టారి చెయ్యి పట్టుకుని లేపాడు.

రెండు వేళ్లు

సోమవారానికి ఈ సంగతి నాకంటే ముందే ఆసుపత్రికి చేరింది. పెద్ద డాక్టరు గారు నన్ను పిలిచి, కాంపౌండరు ఎదుట నా చొక్కా కాలర్లోకి తన రెండు వేళ్లు దూర్చి, "నీకు సరిపోయింది" అన్నారు.

"ఆ గార్డు గారు వచ్చిన రోజే నాకు చెప్పి ఉండొచ్చు కదండీ?" అన్నాను ఉక్రోషంగా.

"నీ అంతట నువ్వు తెలుసుకుంటావనుకున్నా."

ఆయన మీద నాకు గౌరవం ఉంది. ఆ మాట మీద మాత్రం లేదు. శిష్యుడు తనంతట తాను తెలుసుకోవాలని ఊరుకునే పెద్దలు, ఈలోపు కుక్కలు చచ్చిపోతాయని మర్చిపోతారు. మీరు ఎవరికైనా పెద్దలైనప్పుడు "ఊఁ" అని లోపలికి వెళ్లకండి. విడమర్చి చెప్పండి. వినేవాడు నాలాంటివాడైతే రెండుసార్లు చెప్పండి.

ఆ తర్వాత నేను మాట తగ్గించి చెయ్యి పెట్టడం నేర్చుకున్నాను. బెల్టు ఇవాళ్టి మెడకి ఉండాలి. మెడకీ బెల్టుకీ మధ్య రెండు వేళ్లు పట్టాలి, మూడోది దూరకూడదు. ఎదుగుతుంటే వారం వారం చూసి ఒక్కో కన్నం వదలాలి. చాలకపోతే ఇంకో బెల్టు కొనాలి, అంతే. బెల్టు పెట్టాక నేనే కుక్కకి ఎదురుగా నిలబడి గొలుసు మెల్లగా నా వైపు లాగేవాణ్ణి. తల మీదుగా వచ్చేదైతే అది నా బల్ల దగ్గరే రావాలి, రోడ్డు మీద రాకూడదు. గొలుసు తేలికది చాలు. రోడ్డు పక్కన దాన్ని కురచగా పట్టుకోవాలి, కుక్క మనకి లోపలి వైపు ఉండాలి, బళ్ల వైపు కాదు. చాలామంది గొలుసు వేళ్లకి చుట్టుకుంటారు, వేళ్లు పోతాయి. పిడిలోంచి చెయ్యి దూర్చి మణికట్టు మీద వేసుకుని పట్టుకోవాలి. గేటు తెరవకముందే ఇవన్నీ అయిపోవాలి. ఇంత చేసినా తప్పించుకుంటే వెంటపడకండి. కింద కూర్చోండి, లేదా దానికి దూరంగా అవతలి దిక్కుకి పరిగెత్తండి, అదే మీ వెంట పడుతుంది. తెల్ల ప్యాంటు గురించి నేనేమీ చెప్పనక్కర్లేదు.

రాజుకి ఛాతీ బెల్టు కుట్టించాలని కూడా అప్పుడే అనుకున్నాను. ముందు కాళ్ల వెనకా గుండెల మీదుగా పట్టీ ఉంటే, వెనక్కి గుంజినా తల మీదుగా జారదు. జట్కా గుర్రాలకి తోలు సామాను కుట్టే కాసిం సాహెబు దగ్గరికి వెళ్లాను. "గుర్రాలకి కుట్టేవాణ్ణి సార్, కుక్కకి కుడితే బజార్లో నా మొహం ఎట్టా చూపించేది?" అని కాసేపు బిగుసుకున్నాడు. ఒప్పుకున్నాక మాత్రం తన గుర్రాల పరువుకి తగ్గట్టు ఎర్ర కుచ్చులూ గజ్జెలూ పెట్టి కుట్టాడు. మాస్టారు దాన్ని తిరగేసి చూసి, "పెళ్లెవరికిరా?" అన్నారు. గజ్జెలు తీయించి, కుచ్చులు ఉంచేశాం.

మాస్టారికి కుడిచేతిలో పట్టు లేదు, ఎడమచేతిలో కర్ర ఉంది. అందుకని రెండు గొలుసులు పెట్టాను. ఛాతీ బెల్టుది రాహేలమ్మ గారు పట్టుకునేవారు. మెడ బెల్టుకి తేలికైన తాడు కట్టి మాస్టారి కుడి చేతిలో పెట్టాం, పేరుకి. జారినా ఫరవాలేదు. ఆయనకి ఆ సంగతి తెలియదని మేం అనుకున్నాం, తెలిసే ఊరుకున్నారని నా అనుమానం. కంకిపాడు తమ్ముడికి ఇంకో కుక్కని చూసి పెట్టాను.

చలికాలం వెళ్లిపోయాక ఒక రోజు రాహేలమ్మ గారు ఆసుపత్రి గుమ్మంలో కనిపించారు. పక్కన కుక్క లేదు. చేతిలో గొలుసు ఉంది. చేతిలో ఉన్న సీసా బల్ల మీద పెట్టేసి బయటికి పరిగెత్తాను.

"రాజు ఏడమ్మా?"

"బయట సందులో ఉందండీ, మాస్టారితో. మాస్టారి గురించే వచ్చాను" అన్నారు. ఆయాసపడుతున్నారు. "తెల్లారి బయల్దేరితే టిఫిను వేళ దాటినా ఇంటికి రావట్లేదండీ. ప్రతి గుమ్మం దగ్గరా ఆగడమే. వీడి తండ్రికి నేనే చెప్పా, వీడికి లెక్కలు రావు అంటా ఒకటే మాటలు. ఇప్పుడు మీ సందు మొదట్లో కిళ్లీ కొట్టతనికి వడ్డీ లెక్క చెబుతున్నారు. నిలబడి నిలబడి నా కాళ్లు పడిపోయినయ్యి. రాజు పాపం నిద్రపోయింది, దాని గొలుసు విప్పి తెచ్చేశాను. ఇంక దానికి గొలుసక్కర్లేదండీ."

నేను నోరు తెరిచేలోపే ఆవిడ అన్నారు:

"ఆ కాసిం సాహెబుని అడగండి డాక్టరు గారూ, ఆ ఛాతీ బెల్టు మాస్టారి సైజులో కుడతాడేమో. ఈయన్ని ఇంటికి లాక్కెళ్లడం నా వల్ల కావడం లేదు."

నవ్వుతూనే అన్నారు. అంటూ అంటూ పమిట చెంగుతో కళ్లు తుడుచుకుని, అక్కడే గుమ్మం పక్క బల్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చారు.